పెద్దమ్మ నోటి బ్యాండు

మొన్న పెద్దమ్మను కంటి పరీక్షకు అత్తాపూర్ తీసుకెళ్లి వస్తూ, విమానాశ్రయం దారిలో ఒక కాఫీ దుకాణం దగ్గర ఆగాం. లోపలి ఏసీ చలికి ఆమె కొంగు చెవుల మీదికి లాక్కుని, చాయ్ దొరకదన్న సంగతి తెలిసి ముఖం ముడుచుకుంది. ఇంతలో స్పీకరులోంచి పాతకాలపు ఇంగ్లీషు డాన్సు బ్యాండు ఒకటి మొదలైంది. ముందు ట్రంపెట్, వెనకాలే సాక్సఫోన్లు, అడుగున కాలు ఊపించే దరువు. వినగానే నా చేతిలో కప్పు ఆగిపోయింది. వేరేవాళ్లకు అది ఏ దేశపు పాటో నాకు తెలియదు, మాకు మాత్రం అది మా పశువుల కొట్టంలో పాట.

పెద్దమ్మ భర్త, మా నాన్నకు అన్న అయిన పెద్దబాపు, సికింద్రాబాదులో ఒక క్లబ్బులో బల్లల దగ్గర వడ్డించేవాడు. అక్కడికి కొత్త పాటల మిషన్లు వచ్చాక, చావి తిప్పే పాత గ్రామఫోనునూ కొన్ని నల్లటి రికార్డులనూ ఈయనకు ఇచ్చేశారు. శంషాబాద్ దాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని పసిపిల్లల్లా తెచ్చాడు. అక్కణ్ణుంచి ఊరికి ఎడ్లబండి. ఆ రికార్డులు లక్కతో చేసినవి, కాస్త కుదుపు తగిలితే చాలు, పెంకుల్లా పగులుతాయి. ఇల్లు చేరేసరికి ఒక్కటే బతికింది, దానికీ ఒక గీత పడింది. పాట మంచి ఊపులో ఉండగా ముల్లు ఆ గీత మీద 'టక్'మని ఎగిరేది, పాట ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకునేది.

పొద్దున పెద్దమ్మ పాలు పిండే వేళకు ఆయన కొట్టం గడప మీద గ్రామఫోను పెట్టి చావి తిప్పేవాడు. "గా ఇంగ్రీసు పాట నీకేం సమజైతదయ్యా?" అని ఆమె సణిగేది. "సమజ్ గాకుంటేంది, కాలు ఆడుతలేదా?" అనేవాడాయన. ఆయన కాలు సంగతేమో గానీ, బర్రె మాత్రం ఆ పాటకు మరిగింది. బ్యాండు వినపడితేనే చేపు వచ్చి పాలు దిగేవి. లేకపోతే దూడను వదిలినా సరే, పొదుగు బిగబట్టి గోడ వంక చూస్తూ నిలబడేది. ఊళ్లో నవ్వని వాళ్లు లేరు.

ఒకసారి ఆయన పని మీద కందుకూరు వెళ్లాడు. పండుగ ముందు ఇల్లంతా కడుగుతున్న పెద్దమ్మకు రికార్డు మీద దుమ్ము కనపడింది. ఆయన మురిసిపోతాడనుకుని వేడినీళ్లూ కుంకుడు రసంతో శుభ్రంగా తోమి, మిరపకాయల పక్కన ఎర్రటెండలో ఆరబెట్టింది. సాయంత్రానికి అది నూనెలో వేసిన అప్పడంలా ముడుచుకుపోయింది. ఆయన వచ్చి, దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, గూట్లో పెట్టేశాడు. ఆ రాత్రి అన్నం తినకుండానే పడుకున్నాడు. తిట్టినా బాగుండునని ఆమె ఏడ్చింది.

మర్నాడు అనుకున్నట్టే బర్రె మొరాయించింది. దూడను వదిలారు, తవుడు పెట్టారు, నిమిరారు, లాభం లేదు. పెద్దమ్మ చెంబు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. తర్వాత మెల్లగా నోటితో అందుకుంది. ముందు ట్రంపెట్, వెనకాలే సాక్సఫోన్లు. గీత పడిన చోట నాలుకతో 'టక్' అని కూడా అంది. చెంబులో పాలధార చప్పుడు వినపడింది. గడపలో నిలబడ్డ పెద్దబాపు పడీపడీ నవ్వి, "ఇన్నొద్దులు నన్ను తిట్టుకుంట, బ్యాండంత నోట్లనే దాసిపెట్టుకున్నవు గదనే!" అన్నాడు. ఇక ఆ ఇంట్లో రోజూ పొద్దున బ్యాండు ఆమెదే.

ఇప్పుడు బర్రె లేదు, కొట్టం లేదు, మా ఊరి పొలాల మీద విమానాలు దిగుతున్నాయి. పెద్దబాపు పోయిన దగ్గర్నుంచి ఆమె నోట ఆ పాట రాలేదు. మేమూ అడగలేదు, అడిగే ధైర్యం మాకెవరికీ లేదు.

దుకాణంలో పాట ఊపందుకుంది. పెద్దమ్మ కొంగు చెవుల మీద నుంచి జారింది. పెదవులు కదిలాయి, సన్నని గొంతు పాటతో పాటు సాగింది. సరిగ్గా ఆ చోటు రాగానే 'టక్' అంది. స్పీకరులో పాట ఆగకుండా నున్నగా సాగిపోయింది. ఆమె తలెత్తి నన్ను చూసింది.

"గీడ ఆగాలె గదా బిడ్డా," అంది. "మీ పెద్దబాపు పాట గీడ ఆగుతది."

"అవును పెద్దమ్మా," అన్నాను. కాలం ఎక్కడా ఆగకుండా పోతుంది, గీత పడిన చోట ఆగి చూసేది మనమే.