అక్క సీటు కోసం నేను రాసిన ఉత్తరం

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక అక్క మనవరాలు కార్ఖానా బస్తీ నుంచి మా ఇంటికి వచ్చి, భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, బెంగుళూరులోని ఒక కాలేజీ వివరాలు చూపించింది. పాటల వ్యాపారం నేర్పే కోర్సు అది. పాడటం నేర్పరట, పాట తయారైన దగ్గర నుంచి వినేవాళ్ళ చెవిన పడేదాకా మధ్యలో జరిగే పనులన్నీ నేర్పుతారట. పిల్ల పన్నెండో తరగతిలో ఉంది. మార్కులూ చేసిన పనులూ నింపితే సీటు వచ్చే అవకాశం ఎంతో చెప్పే పేజీ ఒకటి ఎక్కడో దొరికితే, అన్నీ నింపి చూసుకుంది. 'మధ్యస్థం' అని వచ్చింది. ఆ ఒక్క మాటతో ఆ పూట దానికి అన్నం సహించలేదు.

"తాతయ్యా, నిజం చెప్పు. నాకు చాన్స్ ఉందా, లేదా?"

నాకు తెలియదన్నాను. అప్పుడు అసలు సంగతి చెప్పింది. దరఖాస్తుతో పాటు తన పని తెలిసిన పెద్దవాళ్ళెవరైనా ఒక ఉత్తరం రాయాలట, అది తను చూడకుండా నేరుగా కాలేజీకి పోవాలట. నేను ఇంగ్లీషు లెక్చరరుగా రిటైరైన మనిషిని కాబట్టి నేను రాస్తే విలువ ఉంటుందని దాని నమ్మకం. నేను రాయనన్నాను. పిల్ల మొహం ముడుచుకుంది.

"అమ్మమ్మ ఉంటే నీతోనే రాయించేది, తెలుసా?" అంది.

అక్క పోయి పది నెలలయింది. అక్క ఉంటే నాతో రాయించేది కాదని నాకు తెలుసు. ఎందుకో ఆ పిల్లకు వెంటనే చెప్పలేకపోయాను. నా వయసువాళ్ళకు, అప్పటి సికింద్రాబాదు కాస్తయినా గుర్తున్నవాళ్ళకు చెప్పడం సులువనిపించి, ముందు ఇక్కడ రాస్తున్నాను.

మేము అప్పుడు బోయిగూడలో ఉండేవాళ్ళం. నాన్నది గుంటూరు వైపు పల్లె, మిషను స్కూల్లో లెక్కల మాస్టారుగా ఇక్కడికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అక్క పదకొండో తరగతి, నేను దానికంటే రెండేళ్ళు చిన్న. అక్క మా చర్చి గాయక బృందంలో పాడేది. గొంతు బాగుండేది, కాని దానికంటే బాగా పాడేవాళ్ళు ఇద్దరు ముగ్గురుండేవారు. అక్క చేసిన పని వేరు. క్రిస్మసు ముందు ఇంటింటికీ పాటలకు వెళ్ళేటప్పుడు ఏ వీధి ముందు, ఏ వీధి తరువాత, ఏ ఇంటి ముందు ఏ పాట, ఎక్కడ పెద్దవాళ్ళకు జబ్బుగా ఉంది కాబట్టి ఒక్క చరణంతో సరిపెట్టాలి, ఇవన్నీ నోటుబుక్కులో రాసి పెట్టేది అక్క. పక్క చర్చి బృందానికీ మాకూ మాటల్లేని ఏడాది, ఇద్దరినీ ఒకే కచేరీలో పాడించింది కూడా అక్కే. ఎవరు ముందు పాడాలన్న దగ్గర తగాదా తెగకపోతే మొదటి పాట రెండు బృందాలూ కలిసి పాడేటట్టు చేసింది. ఆ కచేరీ టికెట్లు వీధికొకరి చొప్పున, ఆ వీధిలో ఎవరి మాట కాదనలేరో వాళ్ళను వెతికి, వాళ్ళ చేతిలో పెట్టింది. చివరి వరసలో కూడా కుర్చీ ఖాళీ లేదు. ఇదంతా మా కళ్ళ ముందే జరిగింది, మేము ఎవరమూ దాన్ని ఒక విద్య అనుకోలేదు.

దాన్ని విద్య అని గుర్తించిన మనిషి ఒకాయన ఉన్నాడు. స్టేషనుకు దగ్గర్లో గ్రామఫోను రికార్డుల దుకాణం ఆయనది. ఆయన కూతురూ మా అక్కా ఒకే క్లాసు కాబట్టి శనివారాలు అక్క ఆ దుకాణంలో కూర్చోవడానికి ఇంట్లో అడ్డు చెప్పేవారు కాదు, నేను తోడు. కొత్త రికార్డు వస్తే ఆయన ముల్లు పెట్టి, "ఏం సంగతి బిడ్డా, ఇది పోతదా, మూలకు పడతదా?" అని అడిగేవాడు. అక్క ఒక వైపు మొత్తం విని, ఇది రైల్వే క్వార్టర్లవాళ్ళు కొంటారు, ఇది బొల్లారం మిలిటరీవాళ్ళు తప్ప ఎవరూ కొనరు, ఇది పండగ దాకా దాచండి అని చెప్పేది. మొదట్లో ఆయన నవ్వేవాడు. కొన్నాళ్ళకు అక్క చెప్పినదాన్నిబట్టి మద్రాసుకు ఆర్డరు రాయడం మొదలుపెట్టాడు.

ఆ మద్రాసు రికార్డుల కంపెనీవాళ్ళే ఒకసారి ఒక కాగితం పంపారు. స్కూలు చదువు ముగించిన కొద్దిమందిని తీసుకుని, మద్రాసులో ఏడాదిపాటు, పాటలు ఎంచుకోవడం, రికార్డు చేయించడం, దుకాణాలకు పంపడం నేర్పి ఆ తరువాత ఉద్యోగమిస్తారట. దుకాణం పెద్దాయన ఆ కాగితం పట్టుకుని తానే మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోకుండా నాన్నతో, "సార్, ఇది మన బిడ్డ కోసమే ఒచ్చినట్టుంది. పరేషాన్ గాకుండ్రి, సీటు గీమెకు రాకుంటే ఇంకెవరికొస్తది?" అన్నాడు.

నాన్న రెండు రోజులు ఆలోచించాడు. మద్రాసులో పెద్దమ్మ ఉంది కాబట్టి ఉండటానికి చోటుంది. ముందు సీటు రానీ, తరువాత చూద్దాం అన్నాడు. మా నాన్న విషయంలో ఆ మాటకు సరే అని అర్థం. అక్క ఆ సాయంత్రం తన పక్కగుడ్డలు ఎన్ని ఉన్నాయో తీసి చూసుకుంది.

ఆ ఫారంలోనూ ఒక ఉత్తరం అడిగారు. అభ్యర్థి పని స్వయంగా చూసిన పెద్దమనిషి ఒకరు రాసి, కవరుకు సీలు వేసి పంపాలి. దుకాణం పెద్దాయన, "నేను రాసిస్త సార్. నా ఇంగ్లీషు జెర కచ్చా, గని సంగతి పక్కా ఉంటది," అన్నాడు. నాన్న ఆయనకు దండం పెట్టి, చాలా మర్యాదగా వద్దన్నాడు. ఆయన వెళ్ళాక అమ్మతో, దుకాణం నడిపేవాడి ఉత్తరం ఎవరు చూస్తారు అన్నాడు.

మాలాంటి కుటుంబాల్లో అప్పుడు ఉత్తరమంటే అయ్యగారి ఉత్తరమే. మా చర్చి పాస్టరుగారిని అయ్యగారనేవాళ్ళం. నర్సు ట్రైనింగుకు, టీచరు ఉద్యోగానికి, హాస్టల్లో సీటుకు, ఆఖరికి పెళ్ళి సంబంధానికి కూడా అయ్యగారే రాసిచ్చేవారు. అన్ని ఉత్తరాలూ దాదాపు ఒకటే. ఫలానా వారి కుమార్తె, చిన్ననాటి నుంచి ఎరుగుదును, నెమ్మదైన నడవడి, దైవభక్తి గలది. ఆ ఉత్తరాలతో మావాళ్ళకు నిజంగా పనులయ్యేవి, ఎందుకంటే వాటిని చదివేవాళ్ళు కూడా మావాళ్ళే. మద్రాసు కంపెనీలో చదివేవాళ్ళు వేరే మనుషులని నాన్నకు గాని, అయ్యగారికి గాని, నాకు గాని తట్టలేదు.

అయ్యగారికి అప్పటికే కంట్లో శుక్లాలు. నేను సెలవుల్లో టైపు నేర్చుకుంటున్నానని ఆయనకు తెలుసు. "నువ్వే కొట్టుకురా అబ్బాయ్. బాప్తిస్మం సంగతీ, పాటల సంగతీ రాయి. సంతకం పెట్టేస్తాను," అన్నారు. నా ఇంగ్లీషు మీద ఒక పెద్దమనిషి భారం పెట్టడం అదే మొదటిసారి. టైపు ఇన్‌స్టిట్యూటు మిషను మీద మూడుసార్లు కొట్టాను. ఆయన చెప్పినదంతా రాశాక కాగితం మీద ఇంకా చోటు మిగిలింది. మా ఇంట్లో ఉన్న పాత ప్రసంగాల పుస్తకం ఒకటి నేను అప్పటికి రెండుసార్లు చదివి ఉన్నాను. ఆ ధోరణిలో ఒక వాక్యం కలిపాను. ఈ అమ్మాయి తన గొంతును ఏనాడూ లౌకిక లాభానికి వాడలేదు, ఇకమీదట కూడా వాడదని నేను హామీ ఇస్తున్నాను.

నోటుబుక్కు సంగతి రాయలేదు. రెండు బృందాల తగాదా తీర్చిన సంగతి, టికెట్ల సంగతి, దుకాణంలో శనివారాల సంగతి రాయలేదు. అవన్నీ మరిచిపోయి కాదు. భక్తి పక్కన అవి చిన్నవిగా, కొంచెం చెప్పుకోకూడనివిగా అనిపించాయి. అయ్యగారు కాగితాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని పైనుంచి కిందికి ఒకసారి చూసి సంతకం పెట్టారు, లక్క కరిగించి సీలు వేశారు. అక్క కవరును మాత్రమే చూసింది.

జవాబు పాఠశాలలు తెరిచే రోజుల్లో వచ్చింది. కంపెనీవాళ్ళు మర్యాదస్తులు. మీ పాస్టరుగారి ఉత్తరాన్ని గౌరవంతో చదివాం, సంగీతాన్ని లాభానికి వాడబోనని ఆయన మీ తరఫున హామీ ఇచ్చినందున వ్యాపారం నేర్పే చోట మీకు స్థానం ఇవ్వడం న్యాయం కాదని భావిస్తున్నాం, అని రాశారు. అక్క రెండుసార్లు చదివి కాగితం నాన్నకిచ్చింది.

"అయ్యగారు అలా ఎందుకు రాశారు నాన్నా?" అని ఒక్క మాట అడిగింది.

నాన్న దేవుడి చిత్తం అన్నాడు. నేను అక్కడే పీట మీద కూర్చుని అన్నం తింటున్నాను. తింటూనే ఉన్నాను. మరునాడు దుకాణంలో పెద్దాయన ఆ కాగితం చదివించుకుని, నా ముందే, "గట్ల రాసిందెవరమ్మా? దుకాణం పని నేర్పుండ్రి అని పంపుతూ, దుకాణం చెయ్యదని రాస్తరా ఎవరన్న?" అన్నాడు. అక్కడా నేను మాట్లాడలేదు.

ఆ వానాకాలమంతా అక్క బృందంలో పాడలేదు. అమ్మ పక్కన వెనక బెంచీలో కూర్చునేది. ఒక ఆదివారం అయ్యగారు నన్ను ఆపి, "మీ అక్క పాటకు రావడం లేదేం? ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. చదువుకుంటోందని చెప్పాను. మరుసటి ఏడాది ఆయనకు బొల్లారం బదిలీ అయింది. వీడ్కోలు కూడికలో అక్క పాడటానికి లేవలేదు. తాను చేయని పనికి అయ్యగారు మోసిన నింద సంగతి ఆయనకు తెలియనైనా తెలియదు. ఆపగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పటికీ నాకు ఉత్తరం రాయడం కంటే ఇదే ఎక్కువ బాధ. ఉత్తరం తెలియక రాశాను. మౌనంగా ఉండటం తెలిసే ఉన్నాను.

అక్క జీవితం పాడైందని చెప్పడానికి ఇది రాయడం లేదు. టీచరు ట్రైనింగు చేసింది, కార్ఖానాలో ఒక స్కూల్లో ముప్పయ్యేళ్ళు పనిచేసింది, రైల్వేలో పనిచేసే మంచి మనిషిని పెళ్ళి చేసుకుంది, మళ్ళీ బృందంలో చేరి అరవై దాటేదాకా పాడింది. ఆ దుకాణం ముందు నుంచి వెళ్ళేటప్పుడు మాత్రం నడక తగ్గించేది, కొత్తగా ఏం వచ్చాయో అట్టలు చూసి ఏది పోతుందో ఏది పోదో తనలో తాను అనుకునేది.

నా కూతురు బి.ఇడి.లో చేరే రోజుల్లో అలాంటి ఉత్తరమే ఒకటి కావలసి వచ్చింది. మా పాస్టరుగారి తరఫున నేను రాయడానికి కూర్చున్నాను. అక్క ఆ రోజు మా ఇంట్లోనే ఉంది. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా ముందున్న కాగితం లాగేసుకుంది.

"ఇటివ్వరా తమ్ముడూ. నువ్వు రాస్తే పిల్ల పరలోకానికి పోతుంది గాని కాలేజీకి పోదు."

అని నవ్వింది. నా భార్య అర్థం కాకపోయినా నవ్వింది. అక్కకు ఎప్పుడు తెలిసిందో, బొల్లారం వెళ్ళి అయ్యగారినే అడిగిందో, లేక నా ఇంగ్లీషు గుర్తుపట్టిందో నాకు తెలియదు. అడగలేదు. ఆ రోజు నేను తప్పు ఒప్పుకుని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. సిగ్గుపడి నేనూ నవ్వాను. మా ఇద్దరి మధ్య ఆ సంగతి వచ్చింది అదొక్కసారే.

అక్క జ్ఞాపకార్థ కూడికలో ఐదుగురు మాట్లాడారు. తన గొంతును దేవుని మహిమకే వాడిందని, ఏనాడూ ఏమీ ఆశించలేదని అందరూ చెప్పారు. నేను రాసిన ఉత్తరమే ఐదుసార్లు విన్నట్టయింది. నన్ను కూడా రమ్మన్నారు, లేవలేదు.

ఇంతదాకా రాశాక, మంగళవారం మనవరాలికి ఫోను చేసి పిలిపించి ఇదంతా చెప్పాను. అది పరలోకం మాట దగ్గర చాలాసేపు నవ్వింది, తరువాత కళ్ళు తుడుచుకుంది. నీ పని నిజంగా ఎవరు చూశారో వాళ్ళతో రాయించుకో అన్నాను. బోయిగూడలో మైకుసెట్లు అద్దెకిచ్చే ఆయన ఒకడున్నాడు, మనవరాలు తన కాలనీ పాటల కార్యక్రమాలన్నీ ఆయనతోనే నడిపిస్తుంది. ఆయన ఉత్తరం నేరుగా పంపే ముందు, ఇంగ్లీషు సరిచూడమని నాకు చూపించాడు. ఈ పిల్ల చెప్పిన టైముకు ప్రోగ్రాం షురూ అవుతుంది, కరెంటు పోతే ఏం చేయాలో ముందే అడుగుతుంది, పాడేవాళ్ళు అలిగితే వాళ్ళను కూర్చోబెట్టి ఒప్పిస్తుంది, నాతో కూడా కొట్లాడింది, అదే కరెక్టు, అని రాశాడు. తప్పులు చాలా ఉన్నాయి. నేను ఒక్క అక్షరం దిద్దలేదు.

సీటు వస్తుందో రాదో నాకు తెలియదు. రికార్డుల దుకాణం ఉన్నచోట ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు. పాట కొనే ముందు నిలబడి వినేవాళ్ళు లేరు, ఏది ఎవరికి నచ్చుతుందో యంత్రమే చెబుతుందట. అక్క చేసిన పనికి ఈ రోజున ఒక పేరుంది, దాన్ని నేర్పే కాలేజీలున్నాయి, దరఖాస్తులో నింపడానికి గళ్ళున్నాయి. మా రోజుల్లో ఆ పనికి మా దగ్గర పేరు లేదు. పేరు లేక దాన్ని భక్తి అన్నాం, నేను అలాగే టైపు కొట్టాను.