కట్టెలకు కవరు చుట్టిన మొనగాడు

చలికాలానికి దాచిన కట్టెలను వానకు తడిపి పాడుచేసుకున్నవాళ్ళు చాలామందే ఉంటారు. ఒక్క చుక్క పడకుండా కాపాడి మరీ కుళ్ళబెట్టినవాణ్ణి మాత్రం, నాకు తెలిసి, నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం చెబుతాను, నింపాదిగా వినండి. తొందరేం లేదు. ఆ కట్టెలకూ అంటుకునే తొందర ఏనాడూ లేదు.

అప్పటికి నేను కరీంనగర్ నుంచి ఈ మంచు దేశంలోని గ్వెల్ఫ్ ఊరికి వచ్చి ఎనిమిది నెలలు. వారమంతా కాలేజీ, వారాంతాల్లో పక్క ఊరు కేంబ్రిడ్జ్‌లో వేర్‌హౌస్ ఉద్యోగం. ప్యాలెట్ అనే చెక్క బల్ల మీద పేర్చిన అట్టపెట్టెల చుట్టూ స్ట్రెచ్ ర్యాప్ అనే పలచటి ప్లాస్టిక్‌ను బిగించి చుట్టడం నా పని. ఆ విద్యలో నన్ను మించినవాడు లేడని సూపర్‌వైజర్ ఒకసారి భుజం తట్టాడు. మనిషి చెడడానికి ఆపాటి మెప్పు చాలు.

నేను అద్దెకున్నది రిటైరైన డాక్టర్ ప్రసాదరావు గారి బేస్‌మెంట్‌లో. గుడివాడ మనిషి. గుండె గురించి ఆయనకు తెలియనిది లేదు, కట్టెల గురించి తెలిసింది లేదు. ఆ ఏడే కొన్న ఆ ఇంటి హాల్లో కట్టెలు కాల్చే ఇనప పొయ్యి ఉంది. ఆగస్టులో ఆయన భార్య సుశీల ఆంటీకి మోకాలి ఆపరేషన్. “చలికాలం ఆ పొయ్యి ముందు కాలు చాపుకుని కూర్చుంటే చాలు బాబూ, నాకింకేం వద్దు” అనేవారు.

ఆపరేషన్ వారంలోనే కట్టెల లారీ వచ్చి వాకిట్లో గుట్ట పోసింది.

“ఏవయ్యా, మేం ఆస్పత్రి నుంచి వచ్చేలోగా వీటి సంగతి చూడగలవా?” అన్నారు అంకుల్.

“మీరు టెన్షన్ పడకండి అంకుల్. మా అమ్మమ్మ ఇంట్ల కట్టెల పొయ్యి మీదనే వంట. నేను చూస్కుంటా.”

అమ్మమ్మ వండింది నిజమే. నేను తిన్నాను, అంతే.

లారీ డ్రైవర్ పోతూ పోతూ ఒక మాట చెప్పాడు. ఇవి ఇంకా పూర్తిగా ఆరలేదు, పక్కల నుంచి గాలి ఆడేట్టు పేర్చి పైన మాత్రమే కప్పమని. నేను తల ఊపాను. కొత్త కారు సీట్లకు రెండేళ్ళు కవరు తీయని వంశంలో పుట్టినవాడికి పైన మాత్రమే కప్పడమేమిటి చెప్పండి? ఇటుక గోడలా సందు లేకుండా పేర్చాను. కొట్టుకు వెళ్ళి నాలుగు స్ట్రెచ్ ర్యాప్ చుట్టలు కొనుక్కొచ్చి, కింద నుంచి పై దాకా ఏడు పొరలు చుట్టాను. చీమ దూరడానికి కూడా పాస్‌పోర్టు కావాలి.

ఇంటికొచ్చిన అంకుల్ దాని చుట్టూ ప్రదక్షిణ చేశారు. “అబ్బో! విమానంలో పంపేట్టున్నావే!” అని మెచ్చుకున్నారు.

నెల తిరిగేసరికి ప్లాస్టిక్ లోపల నీటి బొట్లు కనబడ్డాయి.

“లోపల చెమట పట్టినట్టుందేంటి బాబూ?” అని ఆంటీ అడిగారు.

“వెచ్చగున్నయి కదా ఆంటీ, అందుకే.”

జనవరిలో ఒక మధ్యాహ్నం మంచువాన కురిసి, తీగలు తెగి, కరెంటు పోయింది. కరెంటు లేకపోతే ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ కూడా తిరగదు. గంటలో ఇల్లు ఐసుపెట్టె అయింది. ఆంటీ శాలువా కప్పుకుని ఖాళీ పొయ్యి ముందు కుర్చీ వేయించుకున్నారు. “ఇవాళ్టికి కదా నీ కట్టెల విలువ తెలిసేది!” అన్నారు. నేను ఛాతీ విరుచుకుని కత్తి తీసుకుని వెళ్ళాను.

ఇల్లు అలకగానే పండగ కాదు, కట్టెలు పేర్చగానే మంట కాదు. పొరలు కోయగానే పాత దుంపల గోతాం విప్పినట్టు గుప్పున వాసన. ప్రతి కట్టె మీదా తెల్లటి బూజు. కొన్నిటి మీద ఏకంగా పుట్టగొడుగులు!

“దాయమంటే పంట వేశావా నాయనా?” అన్నారు ఆంటీ.

అంకుల్ ఒక కట్టెను చేతిలోకి తీసుకుని, వేలితో తట్టి చూసి, “లాభం లేదు” అన్నారు. ఎంతమంది రోగుల చుట్టాలకు ఆ ముఖంతోనే ఆ మాట చెప్పి ఉంటారో!

అయినా పేపర్లు పెట్టాం, కర్పూరం వేశాం, నెయ్యి పోశాం. హోమానికి కూడా అంత పోయరు. కట్టెలు బుస్సుమన్నాయి, నురగ కక్కాయి. నిప్పు లేనిదే పొగ రాదంటారు. మా ఇంట్లో వచ్చింది. పొగ అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది, తలుపులు బార్లా తీశాం, ఉన్న కాస్త వెచ్చదనమూ బయటికి పోయింది. ఆంటీ మోకాలు పట్టేసి, పళ్ళు బిగించి కూర్చున్నారు. ఆవిడ నన్ను తిట్టినా బాగుండేది. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

పొగ చూసి పక్కింటి ముసలాయన గ్లెన్ పరుగున వచ్చాడు. విషయం అర్థమై వెనక్కి వెళ్ళి, మంచు మీద లాగే బండి నిండా ఎండు కట్టెలు తెచ్చాడు. ఐదు నిమిషాల్లో పొయ్యి భగ్గుమంది. ఆంటీ కాలు చాపి, కళ్ళు మూసుకుని, “హమ్మయ్య” అన్నారు.

అప్పుడు అంకుల్ ఇంగ్లీషులో అడిగారు: “కట్టెలకు ప్లాస్టిక్ చుట్టకూడదని మీకు ముందే తెలుసా?”

“తెలుసు.”

“మరి ఐదు నెలలుగా చూస్తూ ఒక్క మాట చెప్పలేదేం?”

గ్లెన్ ఎర్రబడి టోపీ సర్దుకున్నాడు. “చెబుదామని మూడుసార్లు కంచె దాకా వచ్చాను. కానీ అక్టోబర్లో మీరంతా దాని ముందు నిలబడి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతి తిప్పారు. మీ దేవుడనుకున్నాను. అప్పటినుంచి మా ఆవిడ కుక్కను కూడా అటు వెళ్ళనివ్వడం లేదు. మీ దేవుడికి గాలి ఆడట్లేదని చెబితే ఏం మర్యాద!”

దసరాకు ఆంటీ కారుతో పాటు ఆ గుట్టకూ ఆయుధపూజ చేసిన మాట నిజమే. ఆవిడ మోకాలు పట్టుకుని నవ్వారు, అంకుల్ దగ్గుతూ నవ్వారు, గ్లెన్ మాత్రం క్షమాపణ చెబుతూనే ఉన్నాడు.

ఆ నిప్పు సాక్షిగా నేనొక ప్రమాణం చేశాను. ఈ దేశంలో నేను ఏ పని చేస్తున్నా, పక్కింటివాళ్ళు చిరునవ్వుతో, మర్యాదగా, నోరెత్తకుండా చూస్తూ నిలబడితే మాత్రం, చేతిలోది అక్కడే కింద పెట్టి, నా తప్పేమిటో అడిగి తెలుసుకున్నాకే మళ్ళీ ముట్టుకుంటాను.