ఎల్లాజీ వేసిన ఉర్దూ పెళ్లికార్డు

శ్రీకాకుళంలో పెళ్లికార్డంటే ఒకప్పుడు ఎల్లాజీ డీటీపీ షాపే. చెప్పొద్దూ, తలకట్టు ఏ మీటలో ఉందో, మ ఒత్తు ఎక్కడ దాక్కుందో కళ్లు మూసుకుని చెప్పేవాడు! పాత తెలుగు ఫాంట్లలో అక్షరాన్ని ముక్కలు ముక్కలుగా అతికించుకోవాలి కదా, ఆ అతుకుల్లో ఆయన్ని మించినవాడు లేడు.

అలాంటివాడికి రెండువేల పద్నాలుగులో మనశ్శాంతి పోయింది. ఎందుకంటారా? ఉష! ఆయన దగ్గరే ఆరేళ్లు పనిచేసిన మనిషి, సరిగ్గా ఎదురుగా షాపు తెరిచింది. తెరిస్తే తెరిచింది, బోర్డు మీద 'తెలుగు, హిందీ, ఉర్దూ' అని రాయించింది. ఆ మూడోమాట చూసినప్పుడల్లా ఎల్లాజీ ఇంటికొచ్చి చిందులేసేవాడు.

"దానికి ఉర్దూ ఏటొచ్చే? మౌసు పట్టడం నేర్పినోణ్ని నేను!" అనేవాడు భార్య దాలమ్మతో.

"నువ్వు నేర్పినకాడ అది ఆగిపోనేదు. అదీ నీ ఏడుపు," అనేది ఆవిడ వంకాయలు తరుక్కుంటూ.

ఓరోజు ఫ్యాన్లు బాగుచేసే మీరా సాహెబు వచ్చాడు. ఎల్లాజీకి ఇరవయ్యేళ్ల గిరాకీ. పెద్దకూతురి పెళ్లికి మసీదు హజ్రత్ గారు ఉర్దూలో చేత్తో రాసిస్తే స్కాన్ చేసి కార్డు మీద వేశారు.

"ఈసారి సిన్నపిల్ల షబానాది అచ్చక్షరాల్లో కావాలి ఎల్లాజీ. నీవల్ల కాదంటే సెప్పీ, ఎదురుషాపుకెళ్తాను."

"కాకపోడమేటి సాహెబూ? నాకొగ్గీ!"

హజ్రత్ గారి రాత ముందు పెట్టుకుని, ఎల్లాజీ మూడురోజులు కంప్యూటర్లో సింబల్స్ గాలించాడు. ఒక్కో అక్షరానికీ మాట మొదట్లో వచ్చే ముక్క, నడిమి ముక్క, చివరి ముక్క, అన్నీ దొరికాయి! ఇంకేం, పాత తెలుగులాగే అనుకున్నాడు. తన పాత సాఫ్ట్‌వేర్లో ఎడమ నుంచి పేర్చాడు. ఉర్దూ కుడి నుంచి చదవాలి కదా, అందుకని చివరి అక్షరం ముందు, మొదటిది ఆఖర్న. తెరమీద అచ్చం చేతిరాతలాగే కుదిరింది. సాహెబు చదివి వాహ్ అన్నాడు. ఆ పూట ఎల్లాజీ గుమ్మంలో నిలబడి, ఎదురుషాపుకి కనబడేలా టీ తాగాడు.

ఫైలు విజయనగరం ప్రెస్సుకెళ్లింది. వాళ్లది కొత్త సాఫ్ట్‌వేరు. రెండోరోజు సాహెబు ప్రూఫు తెచ్చి బల్లమీద పడేశాడు.

"ఏటయ్యా ఇది? మా పిల్ల పేరు తోక కాణ్నించి తలకి సదవాలా? శుక్రవారానికి కార్డులు పంచాల!"

ఇరవయ్యేళ్ల గిరాకీ జారిపోతోంది. ఎల్లాజీ పళ్లు నూరుకుంటూ రోడ్డు దాటాడు.

ప్రూఫు చూడగానే ఉష నవ్వాపుకుంది. "ముక్కలు పేర్చినావా మావా? ఇక్కడ మనం పేర్చకూడదు. కంప్యూటరుకి ఒక్కో అక్షరానికి ఒక నంబరు. పలికే వరసలో కొట్టుకుపోతే సాలు, కుడి నించి ఎడమకి అదే సర్దుతాది. పక్కనెవరున్నారో సూసి ఫాంటే రూపు మారుస్తాది. నువ్వేరిన ముక్కలకీ నంబర్లున్నాయి గానీ, అవి పాత ఫైళ్ల కోసం ఉంచినవి. నువ్వు తిరగేసి పేర్చినావా, ఆ కొత్త సాఫ్ట్‌వేరు మళ్లీ తిరగేసింది."

అని ష కొట్టింది. బ కొట్టగానే, అందాకా తోక చాపుకు కూర్చున్న ష కాస్తా తోక ముడుచుకుని బ చెయ్యి పట్టుకుంది! ఎల్లాజీ నోరు తెరిచాడు. పది నిమిషాల్లో కార్డంతా అయిపోయేసరికి ఒళ్లు మండింది. తనకి మూడురోజులు, దీనికి పది నిమిషాలు!

"ఎవులు నేర్పినార్నీకు?"

"హజ్రత్ గారే. పొద్దున్నే అరగంట, ఏడాదిపాటు. కార్డు కింద నీ షాపు పేరే ఏసినాను మావా, సాహెబు నీ గిరాకీ కదా."

అదిగో, అక్కడ కాలింది! పనిలో దాటింది చాలక మంచితనంలో కూడా దాటేస్తుందా ఈ పిల్ల?

"తీసీ! నీ పేరే ఎయ్యి!" అని అరిచి, ప్రూఫు కూడా మర్చిపోయి వచ్చేశాడు.

శుక్రవారానికి కార్డులొచ్చాయి, కింద ఉష పేరుతో. శనివారం పొద్దున్నే ఎల్లాజీ పలకా బలపం పట్టుకుని హజ్రత్ గారి అరుగు మీద తేలాడు.

"ఉషకి ఇవన్నీ నిజంగా ఏడాదికే పట్టుబడ్డాయాండీ?"

"ముందు మొదటి అక్షరం, అలిఫ్ గియ్యవయ్యా," అన్నారు హజ్రత్ గారు.

గీశాడు. గీసి, "ఈ గీతకైతే ఎంతసేపు పట్టిందండీ దానికి?" అన్నాడు.