కళ్ళు తెరవని రాజు

బడి గంట ఇంకా కొట్టలేదు. ఆదోని బస్సు కండక్టరు బండిని బడి ముందే ఆపించి, "అయ్యవారూ, మీ చిన్నాయన పోయినాడంట. ఉన్నపళంగా రమ్మన్నారు" అన్నాడు. ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా అదే బస్సులో కూర్చుని పోయాను గానీ, దారిలో ఏం చూశానో చెప్పమంటే చెప్పలేను.

ఆదోనిలో ఆయన గురించి ఎవరినడిగినా ఒక కథ చెబుతారు. రాజు బొమ్మకు కళ్ళు పెట్టని మనిషి అంటారు. పొగిడేవాళ్ళూ తిట్టేవాళ్ళూ చెప్పేది ఆ ఒక్క కథే, రెండు వైపులా తప్పే. అసలు సంగతి చెప్పే బాధ్యత ఇప్పుడు నామీద పడింది.

చిన్నాయన బొమ్మలు రాసేవాడు. గుళ్ళో గోడలకు, రథం పలకలకు, పత్తి గింజలు తీసే జిన్నుల బోర్డులకు ఆయన చెయ్యే. కుంచె పంచె అంచుకు తుడుచుకునే అలవాటు. సాయంత్రం ఆ పంచె చూస్తే ఆ రోజు రాసింది లక్ష్మీదేవినో ఆంజనేయుణ్ణో తెలిసిపోయేది. ఉతకలేక మా చిన్నమ్మ ఆయన్నీ దేవుళ్ళనీ కలిపి తిట్టేది. ఎవరైనా బోర్డు దగ్గరికొచ్చి భలే ఉందంటే, "దూరం పోయి చెప్పప్పా. ముక్కు ఆనించి చూస్తే అన్నీ బాగుంటాయి" అనేవాడు.

మా ఇంట్లో తాతల నాటి నుంచి ఒక పద్ధతి ఉంది. దేవుని బొమ్మకు కళ్ళు చివర రాస్తారు. అదీ ఇంట్లో కాదు, బొమ్మ నిలబడే చోటనే. దీపం వెలిగించి, ఎదురుగా అద్దం పట్టి, ఆ బొమ్మ మొదటి చూపు అద్దంలో పడేట్టు రాస్తారు. అంతవరకూ బొమ్మను ఎవరికీ చూపించరు.

లండన్‌లో రాజుకు పట్టాభిషేకమన్న ఏడు, ఆదోని పత్తి వ్యాపారులు పందిరి వేసి, రాజు బొమ్మ నిలువెత్తున రాయమని చిన్నాయనకు అప్పజెప్పారు. రాజంటే దేవునంశ అని చిన్నాయన పెద్దలు చెప్పగా విన్నవాడు. దేవునికి చేసే మర్యాదే రాజుకూ చెయ్యాలనుకున్నాడు. క్యాలెండరు చూసి కిరీటం, మెడలో హారాలు, భుజాన శాలువా అన్నీ రాశాడు. కళ్ళు మాత్రం వదిలి, గుడ్డ కప్పి బొమ్మను పందిట్లో పెట్టించాడు. అద్దం తేవడానికి ఇంటికి పోయాడు.

ఇంతలో బొమ్మ తెరవాల్సిన కలెక్టరు దొరగారు అనుకున్న వేళకంటే ముందే వచ్చేశారు. తాసిల్దారు కంగారుపడి గుడ్డ లాగేశాడు.

బ్యాండు మేళం ఆగిపోయింది. నేను జనంలో నిలబడి ఉన్నాను. తెల్లటి రెండు గుంటలతో రాజు మా తలల మీదుగా ఎటో చూస్తున్నట్టుంది. వెనక నుంచి ఎవడో, "ఓరి నాయనా, రాజుకు కండ్లే ల్యావు గదరా!" అన్నాడు. అంతే, పందిరి మొత్తం నవ్వింది.

అద్దం చంకన పెట్టుకుని చిన్నాయన అప్పుడే వచ్చాడు. తాసిల్దారు మండిపడ్డాడు. "ఇప్పుడే, ఈడనే రాయి!"

"నవ్వు పడిన బొమ్మకు కన్ను తెరవకూడదు సామీ. రాస్తే ఆ చూపు మంచిది కాదు. మల్ల మొదట్నుంచి చేసుకోవల్ల."

ఆ మాట ఎవరికి అర్థమవుతుంది! పొగరనుకున్నారు, పోలీసు స్టేషనులో కూర్చోబెట్టారు. మా వీధిలో జట్కాలు చేసే సాయిబు పోయి, "ఈ మనిషికి రాజకీయం తెలీదు సార్, రంగులొక్కటే తెలుసు" అని బతిమాలి విడిపించుకొచ్చాడు. ఎవరూ తీసుకోని ఆ బొమ్మ చిన్నాయన ఇంటికే చేరింది. జిన్నుల బోర్డులు మాత్రం ఆ రోజుతో బంద్. తర్వాత చిన్నాయన ఆ సాయిబు జట్కాలకు పువ్వులు, నెమళ్ళు రాసి ఇల్లు గడుపుకున్నాడు.

బజారు మాత్రం ఇంకో కథ అల్లింది. ప్రజల కష్టం కనిపించని రాజని చెప్పకనే చెప్పాడట! ఖద్దరు కట్టిన కుర్రవాళ్ళు దండ తెచ్చి మెడలో వేశారు. సభలో ఆ మాటే చెబితే చాలు, ఊరంతా నీ వెంట ఉంటుందన్నారు. చిన్నాయన దండ తీసి జాగ్రత్తగా వాళ్ళ చేతిలోనే పెట్టాడు.

"నేను చెయ్యని ధైర్యానికి నాకెందుకప్పా దండ? మర్యాద చేయబోతే అట్లయింది."

"ఔనంటే నీ నోటి ముత్యాలు రాల్తాయా?" అని చిన్నమ్మ నెత్తి కొట్టుకుంది. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కోసం చూసేది ఆమే కదా, ఆమెనేమనగలం. సర్కారుకు ద్రోహి, కుర్రవాళ్ళకు పిరికివాడు, ఇంట్లో చేతగానివాడు అయ్యాడు. ఆయన ఒక్క మాట మార్చి ఉంటే ఎవరో ఒకరికి మంచివాడయ్యేవాడు. మార్చలేదు. అందుకే ఆయనంటే నాకు గౌరవం, ఇది దాచుకోవాల్సిన పని లేదు.

స్వాతంత్ర్యం వచ్చినప్పుడు బొమ్మ మళ్ళీ గుర్తొచ్చింది జనానికి. కైరుప్పలలో ఉగాది తర్వాత పిడకలతో కొట్టుకుంటారు చూడండి, అట్లా రాజును వీధిలో పెట్టి పిడకలతో కొడతామని గుంపుగా వచ్చారు. చిన్నాయన గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ రాజు నీకేమైతాడు పెద్దాయనా?" అని ఒకడు అరిచాడు.

"నాకేమీ కాడు. బొమ్మకు మాత్రం నేనైతాను."

తిట్టుకుంటూ పోయారు. మరుసటి ఆదివారం నేను వెళ్ళేసరికి పట్టపగలు, వాకిలి తీసి, బొమ్మను గోడకు ఆనించి, సన్న కుంచెతో కూర్చున్నాడు. దీపం లేదు, అద్దం లేదు.

"మంచి రోజు చూడలేదా చిన్నాయనా?"

"రాజైతే చూడల్ల. ఇప్పుడు ఈయప్ప మనకు రాజు కాదు గదా, మామూలు మనిషి. మనిషికింత తంతు ఎందుకు? ఇన్నేండ్లు గుడ్డోణ్ణి చేసి నిలబెట్టినాను, పాపం."

ఆయన రాసినవి దేవుళ్ళ పెద్ద కళ్ళు కావు. కాస్త వాలి, పత్తి బండి అమ్మకానికి తెచ్చి సాయంత్రం దాకా ఎండలో కూర్చున్న రైతు కళ్ళలాగా ఉన్నాయి. ఆ కిరీటం కింద అట్లాంటి కళ్ళు చూసి, నేను వాకిలి దాకా వెనక్కి నడిచి దూరం నుంచి మళ్ళీ చూశాను.

దినాలు అయిపోయాక ఊరికి బయలుదేరుతూ చెప్పి పోదామని లోపలికి వెళ్ళాను. చిన్నమ్మ స్టూలెక్కి, చెంగుతో రాజు బొమ్మ దుమ్ము తుడుస్తోంది. కిరీటం, భుజాలు, చెంపలు ఎప్పటిలాగే విసురుగా తుడిచింది. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి చెంగు వదిలేసి, మెల్లగా నోటితో ఊదింది.