నకలు చేయరాదన్న వాక్యం

నాతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లోనే లేరు. నాంపల్లి స్టేషన్లో, ఆడవాళ్ల వెయిటింగ్ రూములో, పేరు కూడా తెలియని ఒకావిడ గెలిచింది.

పంతొమ్మిది వందల అరవైల చివరి మాట. పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న సైన్సు పుస్తకం తిరగేస్తున్నాను. పక్కనున్న చూపులేని ఆవిడ పేజీల చప్పుడు విని, ఏం పుస్తకమని అడిగింది. చెప్పాను.

"జర చివరి పాఠం చదువుతరా అక్కా? అంధుల బడిల పంతులమ్మను. మా దగ్గరున్న పుస్తకంల గా పాఠమే చినిగింది. పిల్లలకు పరీక్షలొచ్చినయి," అంటూ సంచిలోంచి బ్రెయిలీ రాసే చిల్లుల ఇనుప పలక, సూది, దళసరి కాగితాలు తీసింది.

నా నోరు ఊరుకోదు కదా. "అనుమతి లేనిదే నకలు చేయరాదని మొదటి పేజీలోనే వేశారు. పంతులమ్మవై ఉండి దొంగతనమా?" అన్నాను.

"గట్లనా? గా మాట ఉన్నదున్నట్టు చదువుండ్రి."

చదివాను. ఆవిడ కుడి నుంచి ఎడమకు టకటకా పొడిచింది. కాగితం తిప్పి, ఉబ్బిన చుక్కల మీద వేలు నడుపుతూ, ఆ వాక్యాన్ని ఒక్క అక్షరం పోకుండా నాకే చదివి వినిపించింది.

"చూసిన్రా? నకలు చెయ్యొద్దన్న సంగతి మా పిల్లలు చదవాలన్నా, నేను నకలు చెయ్యాల్సిందే."

నేను చివరి పాఠం తీసి చదవసాగాను. ఇంకా రెండు పేజీలుండగా బండి కూత వినిపించింది.

ఆవిడ సూది ఆపింది. "మీ బండి గదేనా అక్కా?"

"కాదు," అని అబద్ధమాడి, తర్వాతి వాక్యం చదివాను.