అవ్వ ప్రార్థనను సరిదిద్దిన రోజు

ఆ వయసులో దేవునికంటే నాకే నాలుగు సంగతులు ఎక్కువ తెలుసనుకునేవాణ్ణి. (ఆయన ఓర్చుకున్నాడు, స్తోత్రం.) గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుని కొడుకును, కొత్తగా యుద్ధవిమానం పైలట్‌నయ్యాను. సెలవులో ఉండగానే మొదటి యుద్ధానికి పిలుపొచ్చింది. సాయంత్రం రైలనగా అవ్వ (మా వైపు అమ్మను అలాగే అంటాం) నన్ను ప్రార్థన కూటానికి లాక్కుపోయింది. మా కూటంలో గనిలోకి షిఫ్టుకు పోయినవాళ్ళ పేర్లు చెప్పి, "ప్రభువా, బాయి దిగినోళ్ళను క్షేమంగ పైకి తీస్కరా" అని ఆడవాళ్ళు వేడుకునేవారు. బాయి దిగే మా నాన్న, బాపు కోసం ఏళ్ళ తరబడి అదే అడిగిన అవ్వ, ఆ రోజు మోకరించి, అలవాటు కొద్దీ "నా కొడుకును క్షేమంగ పైకి తీస్కరా తండ్రీ" అంది. నేను ఊరుకోవచ్చు కదా! "అవ్వా, పైకి నేనే పోత. కిందికి దించుమని అడుగు" అన్నాను, అందరికీ వినబడేలా. కూటమంతా గొల్లున నవ్వింది. అయ్యగారు బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వారు. అవ్వ మాత్రం ప్రార్థన మధ్యలోనే ఆపి, లేచి కూర్చుంది.

నా కోసం ప్రార్థించమని స్టేషన్లో బతిమాలినా అవ్వ వినలేదు. "గాలిమోటరు సంగతి నాకేం ఎర్క కొడుకా? తప్పు మాట అడిగి నీ పానం మీదికి తెస్తనేమో. నువ్వే చేసుకో" అంది.

కీర్తనలు కంఠతా వచ్చినవాణ్ణి, ఆకాశంలో ఒంటరిగా కూర్చుంటే ఒక్క వచనమూ నోటికి రాలేదు. భూమ్మీద నా కోసం దేవుణ్ణి అడిగేవాళ్ళెవరూ లేరన్న దిగులు, శత్రువు కంటే ముందే నన్ను చుట్టుముట్టేది.

యుద్ధం ముగిసి ఇల్లు చేరాక బాపు మెల్లగా చెప్పాడు: "మీ అవ్వ రోజు మోకాళ్ళ మీదనే ఉన్నది బిడ్డా. నోరిప్పితే తప్పు మాట వస్తదని ఉత్తగనే ఏడ్చేది." బైబిల్లో బిడ్డ కోసం గొంతు పైకి రాకుండా ప్రార్థించిన హన్నాకు పెదవులైనా కదిలాయి, మా అవ్వకు ఆ ధైర్యం కూడా నేను మిగల్చలేదు. పోయి అవ్వ కాళ్ళు పట్టుకుంటే, "వచ్చినవ్ గద, లే, బువ్వ తిను" అంది.

తర్వాత మరో రెండు యుద్ధాలు చేశాను, జుట్టు నెరిసేదాకా ఎగిరాను. బయలుదేరే ప్రతిసారీ "నీకు తోచినట్టే అడుగవ్వా" అనేవాణ్ణి.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ప్రభువు గుడిలో పరీక్షలు రాసేవాళ్ళ కోసం, ప్రయాణమయ్యేవాళ్ళ కోసం పేరుపేరునా ప్రార్థిస్తారు. ఎక్కడికీ పోనివాణ్ణి, నా పేరు రాదు. మొన్న ఆదివారం ఉండబట్టలేక చెయ్యెత్తి, "రేపు బసంత్‌నగర్ పోతున్న" అన్నాను. అందరూ తలలు వంచి నా పేరు చెప్పి అడిగారు. గుడిలో చెప్పింది అబద్ధం కాకూడదు కదా, సోమవారం పొద్దున్నే బస్సెక్కి, పక్కనే ఉన్న ఆ ఊరికి పోయి, ఒక చాయ తాగి వచ్చాను.