ఆరో ప్రశ్న

ఆసుపత్రిలో నర్సులంతా ఆవిడను ప్రశ్నలమ్మ అంటారు. నెలల తరబడి మనిషిని పీల్చి పిప్పి చేసే ఒత్తిడిని కొలవడానికి ప్రశ్నలు తయారు చేయడం ఆవిడ ఉద్యోగం. మొదట నలభై రాసింది. డ్యూటీ దిగి చెప్పులు వేసుకునేలోపు అయిపోకపోతే ఈ ప్రశ్నలే మాకు పెద్ద ఒత్తిడని హెడ్ నర్సు మొహం మీదే చెప్పేసింది. దాంతో కోసి కోసి ఎనిమిదికి తెచ్చింది. ఒక్కొక్కటీ కొట్టేస్తుంటే మనసు ఉసూరుమనేది.

మిగిలినవాటిలో ఆరోదంటే ఆవిడకు ప్రాణం. ఇంటికి వెళ్ళాక ఎవరూ పిలవకుండా ఓ పావుగంట కూర్చోగలుగుతున్నారా అన్నది ఆ ప్రశ్న. అది వినగానే కొందరు నర్సులు నవ్వేవారు, ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. జవాబు మాత్రం అందరిదీ ఒకటే, లేదని.

అదే కొంప ముంచింది. లెక్కలన్నీ చూసిన పెద్ద డాక్టరు ఆరో ప్రశ్న తీసేయమన్నాడు. అందరూ ఒకే జవాబు చెబితే ఎవరికి ఒత్తిడి ఎక్కువో, ఎవరికి తక్కువో ఆ ప్రశ్న తేల్చలేదట. లెక్క ప్రకారం ఆయన మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. ఆవిడకు ఒళ్ళు మండింది కూడా అందుకే. అందరికీ ఉన్నంత మాత్రాన బాధ బాధ కాకుండా పోతుందా? ఇదెక్కడి చోద్యం? సాయంత్రానికి ప్రశ్నలు అచ్చుకు వెళ్ళిపోతాయి. ఆ తర్వాత ఆ ముక్క ఎవర్నీ ఎవరూ అడగరు.

ఆయన గదికి వెళ్ళి వాదించింది. ఆయన ఓపికగా మళ్ళీ అవే అంకెలు చూపించాడు. ఆ ఓపిక చూస్తే ఇంకా చిర్రెత్తుకొచ్చింది.

"పోనీ, మీరు చెప్పండి సార్" అని ఆరో ప్రశ్న ఆయననే అడిగింది.

ఆయన కంప్యూటర్ మీంచి తలైనా ఎత్తలేదు. "రోజూ కూర్చుంటాను. అందులో ఏముంది?"

ఆవిడకు తల బాదుకోవాలనిపించింది. ఇన్నాళ్ళూ చేతికి అందిన నర్సులనే, అందరూ ఆడవాళ్ళనే, అడుగుతూ వచ్చింది. పక్క గదుల్లో ఇంతమంది మగవాళ్ళుంటే ఒక్కరినీ అడగలేదు. అంత చదువూ ఏ గంగలో కలిసినట్టు?

"అయితే అందరి జవాబూ ఒకటి కాదుగా సార్. ఇంట్లో మేడంగారిని కూడా అడగండి" అంది.

ఆయన ఫోన్ తీసి భార్యకు కలిపాడు. సాయంత్రాలు ఓ పావుగంట ఊరికే కూర్చునే తీరిక ఉంటుందా అని అడిగాడు. గది చిన్నది. అవతలి మాట ఆవిడకూ వినిపించింది.

"ఎందుకు, ఎవరన్నా భోజనానికొస్తున్నారా?"

ఆయన ఫోన్ పెట్టేశాడు. అచ్చువాళ్ళను ఆగమని చెప్పమన్నాడు.